హల్క్ మొదట్లో ఆకుపచ్చగా లేడు: చిన్న హీరో బొమ్మలకి మళ్ళీ రంగు వేయడం ఎలా

ఈ ఎపిసోడ్‌లో టేబుల్ మీద ఉన్నవన్నీ చిన్న బొమ్మలే. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. నా బొటనవేలి పక్కన పెడితే ఇంతే ఉంది. స్పైడర్‌మ్యాన్, డేర్‌డెవిల్, ఐరన్‌మ్యాన్, కాస్త లావుగా ఉన్న ఈయన హల్క్. వీటిని హీరోక్లిక్స్ అంటారు. ఇలాంటి బొమ్మలు కొని దాచుకునేవాళ్ళు ఒక రకం. కొని, కంపెనీ వేసిన రంగు మీద తమ సొంత రంగు వేసుకునేవాళ్ళు ఇంకో రకం. ఈ రోజు ఎక్కువగా ఆ రెండో రకం గురించే మాట్లాడుకుందాం. మొదటి రకం వాళ్ళు వినాల్సిన విషయం కూడా ఒకటుంది, మధ్యలో వస్తుంది.

ముందు ఈ బొమ్మ ఎక్కడిదో చెప్తాను. అమెరికాలో జోర్డన్ వైస్‌మన్ అనే ఆయన 2000లో విజ్‌కిడ్స్ అనే కంపెనీ పెట్టాడు. అదే ఏడాది మేజ్ నైట్ అనే ఆట తెచ్చారు. అప్పటిదాకా టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటల బొమ్మలు ఎక్కువగా లోహంతో, రంగు లేకుండా వచ్చేవి. కొన్నవాళ్ళే అతికించుకోవాలి, రంగు వేసుకోవాలి. మేజ్ నైట్ బొమ్మలు రంగు వేసి మరీ వచ్చాయి. బొమ్మ కింద బేస్‌లో తిరిగే చక్రం ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలితే దాన్ని టిక్ టిక్‌మని తిప్పాలి. చిన్న కిటికీలో వేగం, దాడి, రక్షణ అంకెలు మారిపోతుంటాయి. దెబ్బలు తింటున్నకొద్దీ హీరో నీరసపడిపోతాడన్నమాట. పెన్నూ కాగితం అక్కర్లేదు. ఆ చక్రాన్నే 2002లో మార్వెల్, డీసీ హీరోల కింద పెట్టారు. అదే హీరోక్లిక్స్. మార్వెల్‌లో మొదటి సెట్ ఇన్ఫినిటీ ఛాలెంజ్, డీసీలో హైపర్‌టైమ్.

ఆ తొలి సెట్లలో ఒక తమాషా ఉంది. ఒకే హీరో మూడు రకాలుగా వచ్చేవాడు. బేస్ చుట్టూ పసుపు గీత ఉంటే కొత్తవాడు, నీలం గీత ఉంటే అనుభవం ఉన్నవాడు, ఎర్ర గీత ఉంటే తలపండినవాడు. మూడింటికీ అచ్చు మాత్రం ఒకటే. ప్యాకెట్ మూసి ఉంటుంది, లోపల ఎవరున్నారో తెలీదు. కాబట్టి కొనేవాడికి ఒకే బొమ్మ రెండు మూడు సార్లు తగలడం మామూలే. ఈ "మళ్ళీ వాడే వచ్చాడ్రా" అన్న బొమ్మలున్నాయే, రంగు వేసేవాళ్ళకి అసలు సరుకు అవే.

ఇక రంగు సంగతి. ఇవి ఫ్యాక్టరీలో వేలకొద్దీ తయారవుతాయి. కొన్ని రంగులు మాస్క్ పెట్టి స్ప్రే చేస్తారు, కొన్ని ముద్ర కొట్టినట్టు వేస్తారు, కొన్ని చేత్తో పూస్తారు. ఒక్కో బొమ్మ మీద ఎక్కువ టైం పెడితే కంపెనీకి గిట్టదు. అందుకే కన్ను ఒకచోట, కంటి మీది చుక్క ఇంకోచోట ఉంటుంది. బెల్టు రంగు పొట్ట మీదకి కారుతుంది. నా చేతిలో ఉన్నవాడి ముఖం చూడండి, పొద్దున్నే లేపేసినట్టున్నాడు. అచ్చు మాత్రం చాలాసార్లు బాగుంటుంది. కండలు, బట్ట మడతలు అన్నీ ఉంటాయి, రంగే వాటిని కప్పేస్తుంది.

"సరే, బాగా వేస్తాను. కానీ కంపెనీ వేసిన రంగు మార్చడం తప్పు కాదా? ఆ హీరో అసలు రంగు అదే కదా?" అని కొందరికి అనుమానం. అక్కడికే వస్తున్నాను.

హల్క్ ఏ రంగులో ఉంటాడు అంటే ఎవరైనా ఆకుపచ్చ అనే చెప్తారు. కానీ 1962 మే నెల తేదీతో వచ్చిన మొదటి సంచికలో హల్క్ బూడిద రంగులో ఉన్నాడు. అప్పట్లో కామిక్స్ అచ్చు వేసేది నాలుగు సిరాలతో. నీలం, గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. మిగతా రంగులన్నీ వాటి చుక్కల్ని కలిపి పుట్టించాలి. బూడిద రంగు అలా సరిగ్గా కుదరలేదు. ఒక పేజీలో ముదురుగా, ఇంకో పేజీలో లేతగా, ఎక్కడో కొంచెం ఆకుపచ్చగా కూడా పడింది. దాంతో రెండో సంచికకల్లా ఆకుపచ్చ చేసేశారు. ఇన్నేళ్ళుగా మనం చూస్తున్న ఆకుపచ్చ వీరుడు ప్రెస్సులో వచ్చిన ఇబ్బంది వల్ల పుట్టాడు. తర్వాత 1986లో ఆ బూడిద రంగు హల్క్‌ని కథలోకి మళ్ళీ తీసుకొచ్చారు కూడా.

ఐరన్‌మ్యాన్ సంగతీ అంతే. 1963 మార్చిలో టేల్స్ ఆఫ్ సస్పెన్స్ 39వ సంచికలో వచ్చినప్పుడు కవచం బూడిద రంగు. ఆ తర్వాతి సంచికలోనే అదే కవచానికి బంగారు రంగు పూశారు. ఎరుపూ బంగారం కలిసిన కవచం వచ్చింది ఆ ఏడాది డిసెంబరు సంచికలో. అంటే ఏడాది తిరగకుండా మూడు వేషాలు. డేర్‌డెవిల్ 1964లో పసుపు బట్టల్లో మొదలయ్యాడు. ఎర్ర డ్రెస్సు ఏడో సంచికలో, 1965లో, వాలీ వుడ్ అనే చిత్రకారుడు ఇచ్చింది.

కాబట్టి ఈ హీరోల రంగులు మార్చింది వాళ్ళని పుట్టించినవాళ్ళే. కొత్తగా ఈ హాబీలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: మొదటి బొమ్మకి మీ ఊహలోంచి కొత్త హీరోని తయారుచేయకండి. పాత సంచికలో నిజంగా ఉన్న రంగు వేయండి. ఎందుకంటే అచ్చు మార్చక్కర్లేదు, చెయ్యి విరగ్గొట్టి అతికించక్కర్లేదు, చూసి వేయడానికి ఎదురుగా ఒక బొమ్మ ఉంటుంది. పైగా పూర్తయ్యాక చూసినవాళ్ళు "ఇదేంటి, హల్క్‌కి ఈ రంగేంటి" అని అడుగుతారు. అప్పుడు చెప్పుకోడానికి ఒక కథ ఉంటుంది.

బ్రష్ ముట్టుకునే ముందు, దాచుకునేవాళ్ళకి చెప్తానన్న విషయం. పోయినసారి ఒక అబ్బాయి ప్రశ్న పంపాడు. వాళ్ళ బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడట. ఇల్లు మారుతూ తన పాత హీరోక్లిక్స్ డబ్బా మొత్తం ఇచ్చేశాడు. "అన్నయ్య ఇచ్చినవి, రంగు వేస్తే పాడుచేసినట్టా? నచ్చకపోతే మళ్ళీ పాత రంగు వస్తుందా?"

రాదు నాన్నా. మనం వేసిన రంగు తీయాలని ఏది వాడినా, దానితోపాటు కింద ఫ్యాక్టరీ రంగు కూడా లేస్తుంది. ఒకసారి వేశాక ఆ బొమ్మ కంపెనీ బొమ్మగా ఎప్పటికీ ఉండదు. అమ్మితే వచ్చే ధర కూడా పోతుంది. మీ పనితనం ఎంత గొప్పదైనా, దాచుకునేవాడికి కావాల్సింది ముట్టుకోని బొమ్మ. అందుకని ముందు డబ్బా అంతా బల్ల మీద పరవండి. బేస్ మీద సెట్ గుర్తు, నంబరు ఉంటాయి, రాసుకోండి. ఒకే అచ్చు రెండున్నవి ఒక పక్కకి. చక్రం విరిగినవి, కాలు ఊడినవి, రంగు గీసుకుపోయినవి ఇంకో పక్కకి. రంగు వేయాల్సింది ఈ రెండు గుంపులకే. ఒక్కటే ఉన్నవి, అరుదుగా దొరికేవి అలాగే ఉంచండి. ఇంకో మాట, ఇది హాబీ రూలు కాదు, ఇంట్లో రూలు: అన్నయ్యకి ఫోన్ చేసి అడగండి. ఆయనకి ఆ డబ్బాలో ఏ బొమ్మ అంటే ఇష్టమో మీకు తెలీదు. ఆ ఒక్కదాన్ని వదిలేస్తే చాలు.

ధర గురించి ఒక్క ముక్క. విజ్‌కిడ్స్‌ని 2003లో టాప్స్ కంపెనీ కొంది. 2008 నవంబరులో ఇక మూసేస్తున్నామని ప్రకటించింది. 2009లో నెకా అనే కంపెనీ కొనుక్కున్నాక ఆట మళ్ళీ నడిచింది. ఆ మధ్య కాలంలో కొత్త సెట్ వస్తుందో రాదో ఎవరికీ తెలియని పరిస్థితి. పెట్టుబడి అనుకుని బొమ్మలు కొనేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. నా మటుకు నేను వీటిని పెట్టుబడి అని ఎవరికీ చెప్పను.

సరే, పనిలోకి దిగుదాం. ఆకుపచ్చ హల్క్‌ని బూడిద రంగు హల్క్ చేద్దాం. మొదటి బొమ్మకి ఇంతకంటే తేలికైంది లేదు. ఊదా ప్యాంటు అలాగే ఉంచేయొచ్చు, మారేది చర్మం ఒక్కటే.

మొదట స్నానం. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో జిడ్డు లాంటిది వాడతారు. దానికి తోడు మన చేతి జిడ్డు. అది ఉంటే రంగు పట్టదు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అందులో అసిటోన్ ఉంటే ఈ ప్లాస్టిక్ మెత్తబడి పాడైపోతుంది. చెయ్యి, కత్తి లాంటివి వంగిపోయి ఉంటే, వేడి నీళ్ళలో కాసేపు ముంచి, వేళ్ళతో సరిచేసి, వెంటనే చల్లటి నీళ్ళలో పెట్టండి. పీవీసీ కాబట్టి మాట వింటుంది.

పక్కన సన్నటి గీత ఒకటి పైకి లేచి కనిపిస్తుంది. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు అది. దాన్ని కత్తితో గీకితే ఈ మెత్తటి ప్లాస్టిక్ నూగులా లేస్తుంది. గీకకుండా, కొత్త బ్లేడుతో సన్నగా కోయండి. కత్తి మీ వేలి వైపు రాకూడదు. పిల్లలైతే ఈ పని పెద్దవాళ్ళకి వదిలేయాలి.

తర్వాత బేస్‌లోని కిటికీ మీద టేప్ వేసేయండి. రంగు అందులోకి దిగితే చక్రం బిగుసుకుపోతుంది. బొమ్మని ఒక మందు సీసా మూత మీద రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెట్టండి. మూత పట్టుకుని తిప్పుకోవచ్చు, బొమ్మని ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే పూత. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదండీ. కొండపల్లి బొమ్మ చేసేటప్పుడు తెల్ల పొణికి కర్రతో చెక్కి, ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, పైన తెల్లటి సున్నం పూత వేశాకే రంగుల జోలికి వెళ్తారు. ఆ సున్నం పూత చేసే పనే ఇక్కడ ప్రైమర్ చేస్తుంది. కాకపోతే ప్లాస్టిక్‌తో ఒక చిక్కుంది. డబ్బాలో వచ్చే స్ప్రే ప్రైమర్లు కొన్ని ఈ మెత్తటి పీవీసీతో కలిసి ఎన్ని రోజులైనా ఆరకుండా జిగటగా ఉండిపోతాయి. పైగా వానాకాలంలో, గాలిలో తేమ ఉన్నప్పుడు స్ప్రే చేస్తే బొమ్మ మీద పౌడరు చల్లినట్టు గరుకుగా తయారవుతుంది. అందుకే బ్రష్‌తో వేసే యాక్రిలిక్ ప్రైమర్ వాడండి. మన హల్క్‌కి బూడిద రంగు ప్రైమరే కొనుక్కుంటే సగం పని అక్కడే అయిపోతుంది.

రంగుల మాటకొస్తే, మినియేచర్ల కోసమే చేసిన వాలెహో, సిటడెల్ లాంటివి బాగుంటాయి, ఖరీదు ఎక్కువ. స్టేషనరీ షాపులో దొరికే క్యామెల్ యాక్రిలిక్ ట్యూబులతో మొదలుపెట్టినా నష్టం లేదు. అవి చిక్కగా ఉంటాయి కాబట్టి ఎక్కువ పల్చన చేయాలి. గుడ్డల మీద వేసే రంగులు మాత్రం బట్టతోపాటు వంగేలా తయారుచేసినవి. చెయ్యి తిరగడానికి పాత బొమ్మ మీద వేసుకోండి, అంతే.

పల్చన అంటే ఎంత? బాగా గిలక్కొట్టిన మజ్జిగలా ఉండాలి. మొదటి పూత వేశాక కింద ఆకుపచ్చ కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడే అందరూ కంగారుపడి చిక్కటి రంగు తీసుకుని మెత్తేస్తారు. అలా చేస్తే హల్క్ కండలన్నీ పూడిపోయి, మంకీ క్యాప్ పెట్టుకున్న బంగాళాదుంపలా తయారవుతాడు. ఆరనివ్వండి. రెండో పూత వేయండి. ఇంకా కనిపిస్తే మూడోది. మన ఎండలకి ఫ్యాన్ కింద కూర్చుంటే ప్లేటులో రంగు నిమిషాల్లో ఎండిపోతుంది. ప్లేటులో తడి టిష్యూ పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ వేసి, ఆ పైన రంగు కలుపుకోండి. చాలాసేపు తడిగా ఉంటుంది.

బ్రష్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. చిన్న బొమ్మ కదా అని మూడు సున్నాల బ్రష్ కొంటారు. దానికి రంగు నిలవదు, బొమ్మ మీదకి తెచ్చేలోపే ఎండిపోతుంది. ఒకటో నంబరు బ్రష్, మొన మాత్రం సూదిలా ఉన్నది, అదొక్కటే చాలు. షాపులో కొనేటప్పుడే మొన చూసుకోండి.

బూడిద పూత పూర్తయ్యాక ముదురు నీలంలో కొంచెం నలుపు కలిపి, యాక్రిలిక్ మీడియంతో బాగా పల్చన చేసి, చర్మం అంతా పూయండి. దీన్ని వాష్ అంటారు. అది కండల మధ్య పల్లాల్లోకి దిగి నీడలా నిలబడుతుంది. పైన నిలిచిన చోట తడి బ్రష్‌తో తుడిచేయండి. ఆరాక లేత బూడిద రంగు తీసుకుని, బ్రష్‌ని టిష్యూ మీద దాదాపు పొడిగా అయ్యేదాకా తుడిచి, భుజాలు, పిడికిళ్ళు, కనుబొమల మీద తేలిగ్గా ఆడించండి. దీన్ని డ్రై బ్రష్ అంటారు. ఎత్తుగా ఉన్నచోటే రంగు అంటుతుంది. ఇదిగో, ఇది చేయని బొమ్మ, ఇది చేసిన బొమ్మ. తేడా మీరే చూడండి. బొమ్మ ఇంత చిన్నగా ఉన్నప్పుడు గదిలో వెలుతురు దాని మీద పెద్దగా నీడలు చూపించదు. అందుకే ఆ నీడల్ని మనమే వేయాలి.

కళ్ళంటే అందరికీ భయం. సూపర్‌హీరోల్లో ఒక సుఖం ఏంటంటే సగం మందికి కనుగుడ్లు ఉండవు. బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ ముసుగులో తెల్లటి మచ్చ పెడితే సరిపోతుంది. హల్క్‌కి మాత్రం కావాలి. ముందు కంటి గుంట అంతా ముదురు రంగు, మధ్యలో తెల్లటి అడ్డగీత, దాని మీద నల్ల చుక్క. చుక్క తప్పితే చుట్టూ మళ్ళీ చర్మం రంగుతో సరిచేసుకోవచ్చు.

ఒక రోజు ఆరనిచ్చి మ్యాట్ వార్నిష్ వేసేయండి. ఆడేటప్పుడు వేళ్ళు తగిలినా రంగు లేవదు. పోటీలకి తీసుకెళ్తే మాత్రం, రంగు మార్చిన బొమ్మ ఒప్పుకుంటారో లేదో నడిపేవాళ్ళని ముందే అడగాలి.

డేర్‌డెవిల్ ఇంత సులువు కాదు. ఎర్ర బొమ్మ మీద పసుపు వేస్తే అది నారింజ అవుతుంది. పసుపు రంగుకి కింది రంగుని కప్పే శక్తి తక్కువ. ఎన్ని పూతలు వేసినా ఎరుపు తొంగిచూస్తుంది. కాబట్టి ముందు ఎరుపు మొత్తం పోయేలా తెల్ల ప్రైమర్ రెండు పూతలు, దాని మీద లేత గోధుమ రంగు, ఆ పైన పసుపు. పసుపుకి నీడ వేయాలంటే నలుపు కలపకండి, మురికి ఆకుపచ్చ అవుతుంది. కాఫీ పొడి రంగు వాడండి. ఇది మీ నాలుగో ఐదో బొమ్మగా పెట్టుకోండి.

నలుపు గురించి కూడా చెప్పాలి. బ్యాట్‌మ్యాన్ కేప్‌ని ట్యూబులోంచి తీసిన నలుపుతో నింపితే అచ్చులో ఉన్న మడతలన్నీ మాయమవుతాయి. పాత కామిక్స్ తీసి చూడండి, నల్ల జుట్టు, నల్ల కేప్ మీద మెరుపు ఉన్నచోట నీలం వేసి ఉంటుంది. మనమూ అదే చేద్దాం. నలుపులో నీలం కలిపి మడతల అంచుల మీద సన్నగా గీయండి.

అచ్చు మార్చాలనుకునేవాళ్ళు, అంటే కేప్ లేనివాడికి కేప్ పెట్టాలనుకునేవాళ్ళు, రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీ వాడతారు. బయట దేశాల్లో గ్రీన్ స్టఫ్ అనేది వాడకం ఎక్కువ. పసుపు, నీలం పట్టీలు కలిపి పిసికితే ఆకుపచ్చ అవుతుంది, ఎండాక కూడా కాస్త వంగుతుంది. మన దగ్గర హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ కూడా ఆ జాతిదే, కానీ త్వరగా గట్టిపడుతుంది, పల్చటి కేప్ చేస్తే విరుగుతుంది. బేస్ మీద రాళ్ళు, గోడ ముక్కలు చేయడానికి బాగుంటుంది. ఏదైనా సరే గ్లవ్స్ వేసుకుని పిసకండి, పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి పడదు. అరగదీసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

దాచుకోవడం గురించి. అటక మీద అట్టపెట్టెలో పెట్టకండి. వేసవిలో అక్కడ వేడికి పీవీసీలోంచి నూనె లాంటిది బయటికొచ్చి బొమ్మలు జిగటగా అవుతాయి, ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది. గాలి ఆడే అల్మరా, నేరుగా ఎండ పడని చోటు చూసుకోండి. ఇప్పటికే జిగట వచ్చి ఉంటే సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, కొంతవరకు పోతుంది.

రంగు వేసిన ప్రతి బొమ్మ బేస్ అడుగున సన్న మార్కర్‌తో మీ పొడి అక్షరాలు, నెల, సంవత్సరం రాయండి. చక్రం తిరిగే భాగం మీద కాకుండా చూసుకోండి. రేపు ఆ బొమ్మ అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా, కంపెనీ రంగు అనుకుని వాళ్ళు మోసపోకూడదు.

ఆ అబ్బాయికి ఇంకో మాట. నీ డబ్బాలో హల్క్‌లు రెండుంటే, ఒకదానికి బూడిద రంగు వేసి ఫొటో పంపు, వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఆ ఎపిసోడ్‌లో ఐరన్‌మ్యాన్ బంగారు కవచం పని ఉంటుంది. బంగారు రంగు కింద గోధుమ పూత ఎందుకు వేయాలో అప్పుడు చేసి చూపిస్తాను. ఉంటానండీ.